జనవరి దాకా ఆగినందుకు

జనవరిలో మూడో ఆదివారం. బయట మోకాలి లోతు మంచు. మొత్తం తొమ్మిదివందల మంది చదివే ఆ చిన్న కాలేజీలో సొరారిటీలని అమ్మాయిల సంఘాలు మూడున్నాయి. వాటిని అందరూ ఇళ్లనే అంటారు. ఏ ఇల్లు ఎవరిని చేర్చుకుందో చెప్పే కవర్లు అప్పుడే పంచారు. లిన్నియాకి తను కోరుకున్న ఇంటి నుంచే కవరొచ్చింది. పావుగంటలో ఆ ఇంటి మెట్ల దగ్గర ఉండాలి. ఎగిరి గంతెయ్యాల్సిన పిల్ల హాస్టల్ గదిలోనే ఇరుక్కుపోయింది. ఆగస్టు నుంచీ ఆ గదిలోనే తనతో ఉంటున్న కొరిన్ తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది మరి.

“జరుగు కొరిన్, నాకు టైమైపోతోంది.”

“చెప్పి వెళ్లు.”

“ఏం చెప్పాలి? పొద్దున్నుంచీ మొహం మాడ్చుకుని కూర్చున్నావ్. ఏమైందో నువ్వే చెప్పు.”

“నిన్న నీ కవరొచ్చిన ఇంటివాళ్ల ఆఖరి విందులో ఇంగ్రిడ్ నా పక్కన కూర్చుంది. ఆ ఇంటికి పెద్ద, తెలుసుగా. నా చెయ్యి పట్టుకుని, ‘నవంబర్లో చాలా అవస్థ పడ్డావట కదా’ అంది.”

“అయితే?”

“అయితే ఏంటి అయితే. నవంబర్లో నాకు ఫ్లూ అని కదా అందరికీ తెలుసు. మూడు వారాలు మంచం దిగలేదని, తల దువ్వుకోలేదని, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లానని తెలిసింది ఒక్కదానికే.”

“కౌన్సెలర్ గది ముందు నుంచి రోజుకి వందమంది నడుస్తారు. ఈ కాలేజీలో ఎవరైనా తుమ్మితే అవతలి హాస్టల్‌కి వినిపిస్తుంది. నా మీద పడతావేం?”

“వినిపించినా ఈ ఎంపిక వారం వచ్చేదాకా మనతో మాట్లాడకూడదుగా ఆ ఇళ్లవాళ్లు. ఆగస్టు నుంచీ హలో తప్ప ఇంకో మాట అనకూడదని రూలు. ల్యాబులో నా ఎదురుబల్లే ఇంగ్రిడ్‌ది. నాలుగైదు నెలలూ హలో, హలో, అంతే. ఈ వారమే కదా నోళ్లు విప్పారు. ఎవరు చెప్పారు వాళ్లకి?”

“నలభై మందితో మాట్లాడారు. ఎవరో ఒకరు చెప్పుంటారు.”

“ఆ నలభై మందిలో నాకు సూప్ తెచ్చిచ్చింది ఎవరు?”

“ఓహో. తెచ్చివ్వడమే తప్పయిందా ఇప్పుడు?”

“మాట మార్చకు.”

“మెస్సు నుంచి రెండు పూటలా మోసుకొచ్చాను. ప్రొఫెసర్లకి నీ తరఫున అబద్ధాలు రాశాను. నీ దుప్పట్లు నేనుతికాను. మా అమ్మకి కూడా చెయ్యలేదు అంత చాకిరీ.”

“ఇదిగో, ఇవే. ఈ మాటలే వాళ్లకీ చెప్పావు కదూ.”

“వాళ్లు అడిగారు.”

“ఏమని?”

“స్నేహితురాలికి ఎప్పుడైనా అండగా నిలబడ్డావా, చెప్పు అని. అందరినీ అదే అడిగారట. నా దగ్గర ఇంకేముంది చెప్పడానికి? మా ఊళ్లో ఉన్నవి నాలుగు వీధులు, ఒక చీజ్ ఫ్యాక్టరీ. నా పక్కన కూర్చున్న పిల్ల స్కీయింగులో వచ్చిన పతకాలు ఏకరువు పెడుతోంది.”

“పతకాల బదులు నువ్వు నన్ను ఏకరువు పెట్టావు.”

“పేరు చెప్పలేదు. ఒకమ్మాయి అన్నాను.”

“ఎవరో ఒకమ్మాయి దుప్పట్లు ఉతికావా? వాళ్లేమన్నా చంటిపిల్లలనుకున్నావా?”

“నాలుగైదు నెలలు, కొరిన్. ఎలా తింటున్నానో, ఎవరితో నవ్వుతున్నానో మెస్సులో వాళ్లు చూస్తూనే ఉన్నారని తెలిసి ముద్ద దిగేది కాదు. మా కజిన్ వాళ్ల యూనివర్సిటీలో క్లాసులు మొదలవకముందే అయిపోతుంది ఇదంతా. అయిదు రోజులు మంచి బట్టలేసుకుని నవ్వితే చాలు. ఇక్కడ జనవరి దాకా నాన్చారు. మన మంచికేనట. కుదురుకుంటామట, మార్కులు తెలుస్తాయట, స్నేహాలు ఏర్పడతాయట.”

“ఏర్పడ్డాయిగా. సెప్టెంబర్లోనే అయిపోయి ఉంటే నా గురించి నీకేం తెలిసేది? నా పేరూ, మా ఊరూ, నేను గురక పెడతానని. అమ్ముకోడానికి నీ దగ్గర సరుకే ఉండేది కాదు.”

“అమ్ముకోవడం అనకు.”

“మరేమనాలి? కవరొచ్చిందిగా.”

“వచ్చింది. కావాలనిపించింది, తెచ్చుకున్నాను. ఈ మూడిళ్లలో చోటు లేనిదానికి శనివారమొస్తే వెళ్లడానికి ఇంకో చోటుందా ఇక్కడ? బయట మిగిలిపోయిన సీనియర్లని చూస్తున్నావుగా, లాండ్రీ గదిలో కూర్చుని పేకాడుకుంటారు. నాలుగేళ్లు నావల్ల కాదు.”

“ఇంకేం అడిగారు?”

“ఇంకేం అడగలేదు.”

“అబద్ధమాడితే నీ మెడ ఎర్రబడుతుంది. అద్దంలో చూసుకో.”

“అడిగారు. సరేనా? ‘ఆ అమ్మాయి కూడా మా జాబితాలో ఉండి ఉంటే, మా ఇంటికి సరిపోతుందంటావా’ అని.”

“ఏమన్నావు?”

“పోనిద్దూ.”

“ఏమన్నావు?”

“తట్టుకోలేదేమో అన్నాను.”

“ఇంకోసారి చెప్పు.”

“తట్టుకోలేదేమో అన్నాను. అందులో అబద్ధమేముంది? నీ మంచికే అన్నాను.”

“కాలేజీ కూడా మన మంచికే జనవరి దాకా ఆగింది.”

“సరే, సిగ్గుగానే ఉంది, ఒప్పుకుంటున్నాను. కానీ నీకు రాలేదని ఆ పాపమంతా నా నెత్తిన రుద్దకు. మార్కులు చూసుంటారు. నవంబర్లో పోయాయి కదా నీకు. వచ్చే ఏడు మళ్లీ ప్రయత్నించు. అప్పటికి నేను లోపలే ఉంటాగా. నీ గురించి మంచిగా చెప్తాను.”

“నాకు రాలేదని నీకెవరు చెప్పారు?”

“అంటే?”

“ఇంగ్రిడ్ నవంబర్ మాట ఎత్తి ఊరుకోలేదు. ‘అలాంటి నవంబర్లు చూసినవాళ్లం మా ఇంట్లో అయిదుగురం ఉన్నాం, రా’ అంది. నా కవరు కోటు జేబులో ఉంది. అదే ఇల్లు. నీకూ వచ్చిందా అని ఒక్కమాట అడుగుతావేమోనని ఇంతసేపూ చూశాను.”

“కొరిన్, నేను...”

“పద, టైమైపోతోందన్నావుగా. ఆ మెట్ల మీద అందరి ముందూ చేతులు పట్టుకుని, బతికినంతకాలం అక్కాచెల్లెళ్లమని ప్రమాణం చెయ్యాలట. నీ పక్కన నేనే నిలబడతాను.”