సున్నాకి దిగిన బిల్లు

గోపీచంద్ చేతిలో టీ గ్లాసు ఉందంటే అది చల్లారిపోవాల్సిందే. మాట మొదలుపెడితే అతనికి తాగే తీరిక ఉండదు. ఆ సాయంత్రం రొంపిచెర్ల రోడ్డు మీద నవీద్ టీ కొట్టు ముందు కూర్చున్నప్పుడూ అంతే. కాకపోతే ఆ రోజు అతని మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. మర్నాడు పొద్దున విజయవాడ నుంచి ఒక కంపెనీవాళ్ళు వస్తున్నారు. గోపీచంద్ చేసిన యాప్‌లో వేలితో నొక్కితే ఈ ఊరి పొలాల్లో బోరు మోటార్లు తిరగడం కళ్ళారా చూస్తామన్నారు. నచ్చితే యాప్‌ని వాళ్ళే తీసుకుని జిల్లా అంతా పెడతారు. నచ్చకపోతే, హైదరాబాదులో ఉద్యోగం మానుకుని వచ్చి చేసిందంతా నరసరావుపేటలో అద్దె గదికి తాళం వేయడంతో సరి.

రైతులంతా రేపు కరెంటు వచ్చే వేళకి పొలాల దగ్గర ఉండాలని అడగడానికి వచ్చాడు. ఊరకే అడిగితే గోపీచంద్ ఎట్లా అవుతాడు? ముందొక కథ చెప్పాలనుకున్నాడు. వినడానికి హనుమయ్య ఉన్నాడు, మిరప చేలోంచి వస్తూ ఆగిన కోటేశ్వరమ్మ ఉంది, బల్ల చివర ఎప్పుడూ ఎక్కువ మాట్లాడని బ్రహ్మయ్య ఉన్నాడు. ఇంకో నలుగురైదుగురు రైతులు నిలబడి ఉన్నారు. అందరికీ ఆ యాప్ తెలుసు. దాని డబ్బాలు ఊరంతటికీ ఊరకే బిగించిపెట్టాడు.

"రేపు వాళ్ళు ఖర్చు సంగతి అడుగుతారు మావా, మీ నోట కూడా నా మాటే రావాల, అందుకే చెప్తన్నా, జాగ్రత్తగా వినండి. ఈ యాప్‌కి ప్రాణం మన ఊళ్ళో లేదు, నరసరావుపేటలో నా గదిలోనూ లేదు, క్లౌడ్‌లో ఉంది. క్లౌడంటే మబ్బు కాదు పిన్నీ, ఎక్కడో దూరాన ఒక కంపెనీవాడు మనకి అద్దెకిచ్చిన కంప్యూటరు. మీ ఫోను 'మోటారు తిరగతందా' అని ఒక్క మాట అడిగినా, స్టార్టరు పక్కన నేను బిగించిన డబ్బా 'తిరగతంది' అని ఒక్క మాట చెప్పినా, ఆడ మీటరు కదులుద్ది. మొదట్లో ఏవో మూడు నాలుగు మోటార్లు, నెల బిల్లు చూస్తే నవీద్ కాడ నా టీ ఖాతా అంత కూడా లేదు. నేను పట్టించుకోలా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరంతా బిగించిన నెల, పొద్దున్నే పళ్ళు తోముకుంటా ఫోను చూస్తే, ట్రాక్టరు కొనుక్కునేంత బిల్లు."

"ట్రాక్టరే?" అన్నాడు హనుమయ్య.

"ట్రక్కుతో సహా మావా. ఇంకోడైతే బ్రష్షు మింగేసేవాడు. నేను నెమ్మదిగా నోరు పుక్కిలించి, మొహం కడుక్కొని, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని దాని ముందు కూర్చున్నా. లుంగీతో కూర్చుంటే బిల్లుకి మనం లోకువ."

"మా కరెంటు బిల్లుకి ఏనాడూ ఇంత మర్యాద చెయ్యలా నేను," అంది కోటేశ్వరమ్మ.

"చెయ్యాల పిన్నీ. కూర్చొని వెతికా. తప్పు యాడుందో కంప్యూటర్లో ఎంత వెతికినా దొరకలా. అప్పుడు మన కాలవ కట్ట మీదకొచ్చి నిలబడి చెవిపెట్టి విన్నా. మనం స్టార్టర్లన్నీ ఆటో స్విచ్చి మీద పెట్టి ఇంటికొస్తాం గదా, కరెంటు ఎప్పుడిస్తారో తెలవదు కాబట్టి, వచ్చిందంటే వాటంతట అయ్యే తిరగాల. ఆ రోజు కరెంటు వచ్చింది. వచ్చిన క్షణాన ఊళ్ళో డబ్బాలన్నీ ఒక్కసారే లేచి 'వచ్చింది, వచ్చింది' అని క్లౌడ్‌కి అరిచినయ్. అందరూ కలిసి అరిస్తే వాడికేం వినపడుద్ది? జవాబు రాకపోయేతలికి మళ్ళీ అరిచినయ్, మళ్ళీ మళ్ళీ అరిచినయ్. అరుపు అరుపుకీ మీటరే. ఏసీ గదిలో కూర్చొని యాప్‌లు చేసేవాళ్ళకి ఇది జన్మలో తట్టదు. ఒక్కో డబ్బాని ఒక్కో రకంగా కాసేపు ఆగి మాట్లాడమని చెప్పా. గోల తగ్గింది."

నవీద్ తల ఊపాడు. ఇంతవరకు నమ్మడానికి ఎవరికీ ఇబ్బంది లేదు. గోపీచంద్ గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"గోల తగ్గినా బిల్లు బరువుగానే ఉంది. కంపెనీకి ఫోను చేశా. ఎవరో అమ్మాయి ఎత్తింది. నా గొంతు వినంగానే మేనేజరుకిచ్చింది, ఆయన పెద్ద మేనేజరుకి, ఆయన బొంబాయికి, బొంబాయాయన సింగపూరుకి. ఆ సింగపూరాయన లేచి నిలబడి మాట్టాడాడు."

"నిలబడ్డాడని నీకెట్టా తెలుసు?" అన్నాడు నవీద్.

"కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినపడలా? 'అయ్యా, మాది పల్నాడు, మేము గొడవకి రాము, వస్తే సగంలో పోము, మీ మీటరు మీరు ఆపుతారా, నన్ను ఆపమంటారా' అన్నా. 'దాన్ని ఆపటం ఎవరి వల్లా కాదు సార్' అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది ఆయన. ఫోను పెట్టేసి కూర్చొని యాప్‌లో ఒక్కటంటే ఒక్క ముక్క రాశా. ఏం రాశానో తెలుసా? ఫోను ప్రతిసారీ పోయి క్లౌడ్‌ని అడగటం దేనికి? ఒకసారి విన్నది గుర్తుపెట్టుకోవాల, మళ్ళీ మనం చూస్తే అదే చెప్పాల. ఇందాక మోటారు ఆగి ఉందని విన్నదనుకో, ఆగి ఉందనే చెప్పాల. తిరగతందని విన్నదనుకో, తిరగతందనే చెప్పాల. అడిగేదే లేకపోతే మీటరు ఎట్టా తిరుగుద్ది? బిల్లు సగానికి సగం పడింది."

బల్ల చివర నుంచి బ్రహ్మయ్య మొదటిసారి నోరు తెరిచాడు. "ఎప్పుడు రాశావది?"

"దసరా పోయినాక, కార్తీకం మొదట్లో బాబాయ్."

"కార్తీకం మొదట్లో," అని బ్రహ్మయ్య తనలో తాను అనుకున్నాడు.

"ఆ ఒక్క ముక్క చూడటానికి కంపెనీవాళ్ళు బెంగళూరు నించి ఒక పెద్ద ఇంజనీరుని పంపించారు. నరసరావుపేటలో బస్సు దిగి నా గదికి వచ్చాడు, బూట్లు గుమ్మం బయట విప్పాడు, గుళ్ళోకి వచ్చినట్టు చేతులు కట్టుకున్నాడు. చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ముక్కని కాగితం మీద అచ్చేయించుకొని, ఫ్రేము కట్టించి, వాళ్ళ ఆఫీసులో గోడకి పెట్టారు. ఇప్పుడు ఆడ ఉద్యోగంలో చేరేవాళ్ళు ముందు దానికి దణ్ణం పెట్టి తర్వాతే కుర్చీలో కూర్చోవాల."

"కొబ్బరికాయ?" అంది కోటేశ్వరమ్మ.

"శుక్రవారం మాత్రం. అసలు సంగతి అది కాదు పిన్నీ. మనం అడగటం మానేసేతలికి వాళ్ళ కంప్యూటర్లకి పని లేకుండా పోయింది. అయి వేడెక్కితేనే ఆ బిల్డింగు వెచ్చగా ఉండేది. అయి ఊరకుండేతలికి బిల్డింగంతా చల్లబడిపోయి, ఆడ పనిచేసేవాళ్ళు శాలువాలు కప్పుకున్నా ఆగక, వేళ్ళు కొంకర్లు పోయి, టైపు కొట్టలేక ఒకళ్ళ చేతులు ఒకళ్ళు రుద్దుకుంటా కూర్చున్నారు. సింగపూరాయన ఫోను చేసి ఏడుపుగొంతుతో 'సార్, మీ వైపు ఎండ ఎక్కువంట గదా' అన్నాడు. పగోడికైనా ఆ కష్టం రాకూడదు. నాకు జాలేసింది. రెంటచింతలలో మా బావమరిది కల్లంలో పోయిన ఎండాకాలం ఎండిన మిరపకాయలు ఒక టిక్కీ బస్తా పంపించా, లోపల ఎండ బయటికి పోకుండా మూతి గట్టిగా కుట్టించి. ఆడ మూతి విప్పారో లేదో, శాలువాలు తీసేశారు. కాసేపటికి చొక్కాలు తీసేశారు. పై అంతస్తువాళ్ళు మెట్ల మీదకొచ్చి కూర్చున్నారు. ఇంకో టిక్కీ పంపమాకండి సార్ అని మళ్ళీ ఫోను."

"తాలుకాయలు పంపినా సరిపోయేది," అన్నాడు హనుమయ్య.

"మేలురకమే పంపా మావా. ఊరి పరువు."

హనుమయ్య నవ్వాడు. నిలబడ్డవాళ్ళలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. గోపీచంద్ నవ్వలేదు. కోతలు కోసేటప్పుడు అతను ఎప్పుడూ నవ్వడు. పురాణం చెప్పేవాడిలా గొంతు ఇంకాస్త తగ్గిస్తాడు.

"ఆ తర్వాత జరిగింది మాత్రం నాకే అంతుబట్టలా. మార్గశిరంలో బిల్లు ఇంకా దిగింది. నేను వేలు కదపలా, ఏమీ రాయలా, అయినా దిగింది. ఒకసారి మనిషికి భయపడ్డాక బిల్లయినా ఇంక తలెత్తదు. రోజూ చూస్తన్నా, రోజూ దిగతంది. పుష్యంలో సున్నా. సున్నా అంటే సున్నా మావా. ఆడితో ఆగిందా? మీటరు ఎనక్కి తిరగటం మొదలుపెట్టింది. మేమే మీకు ఇచ్చుకోవాలి సార్ అని వాళ్ళు, వద్దు ఉంచుకోండి అని నేను. మొన్న ఆ కంపెనీ మొత్తానికీ పెద్దాయన అమెరికా నించి ఫోను చేశాడు. నాతో మాట్టాడాలని తెలుగు నేర్చుకొని మరీ చేశాడు. 'గోపీచంద్ గారూ, భూమ్మీద మా మీటర్లన్నీ తిరగతన్నయ్, మీ ఊరిదొక్కటే ఆగిపోయింది, దాన్ని చూసి మిగతాయి కూడా నెమ్మదిస్తన్నయ్, మీ ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు, ఒక్కసారి, ఒక్క మోటారు మీ యాప్‌లో నొక్కమని చెప్పండి, మీ కాళ్ళు పట్టుకుంటా' అన్నాడు. 'నొక్కరు' అన్నా."

అని ఆగి అందరి మొహాలూ చూశాడు. "ఇదీ జరిగింది. రేపు మీరు ఈ మాట చెప్పి, కరెంటు రాంగానే ఒక్కొక్కరే నొక్కారంటే చాలు. నా రెండేళ్ళ కష్టం గట్టెక్కుద్ది. నాకు మీరు తప్ప ఎవురున్నారు?"

ఇందాక నవ్విన హనుమయ్య బల్ల మీద లేని దుమ్ము దులుపుతున్నాడు. కోటేశ్వరమ్మ రోడ్డు వైపు చూస్తోంది.

"ఆ ఆఖరి ముక్క నిజమేరా గోపీ," అన్నాడు బ్రహ్మయ్య.

"ఏది బాబాయ్?"

"ఎవురూ నొక్కటంలా అన్నది. నీ ఫోను తియ్యి. మా మోటారు ఏం చేస్తందో చూడు."

గోపీచంద్ ఫోను తీసి చూశాడు. "పచ్చగా ఉంది బాబాయ్. తిరగతంది."

"అది కాలిపోయింది. బోర్లోంచి పైకి లాగి కొట్టంలో పడేశాం. మీ చెన్నమ్మ పిన్ని దానికి దూడని కట్టేస్తంది."

గోపీచంద్ మళ్ళీ ఫోను చూశాడు. బ్రహ్మయ్య కండువా కింద నుంచి కుడిచెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అరచేయి నల్లగా ముడుచుకుపోయి ఉంది.

"కార్తీకంలో చేను కాడ తీగ కాలిన వాసనొస్తంటే చూద్దామని పోయా. ముందు ఫోను చూశా. మోటారు ఆగి ఉంది, కరెంటు లేదు అని చూపించింది. మనోడు చేసిందే గదా అని నమ్మి తీగ పట్టుకున్నా. ఎప్పుడో ఆగినప్పటి మాట అది నాకు చెప్తందని నాకేం తెలుసు? మూడు వేళ్ళు ఇప్పటికీ వంగటంలా."

"మోటారు బాగు చేస్తంటే షాకు కొట్టిందన్నారు గదా బాబాయ్ అందరూ," అన్నాడు గోపీచంద్.

"అట్టానే చెప్పమన్నా. ఆస్పత్రికి బత్తాయిలు పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చున్నావు. చెప్దామనుకున్నా, నోరు రాలా. ఉద్యోగం మానుకొని వచ్చిన పిల్లోడు, ఏమనమాక అని చెన్నమ్మ నా కాళ్ళు నొక్కతా ఒకటే చెప్పింది. ఊళ్ళోవాళ్ళు మాత్రం నా చెయ్యి చూసి ఒక్కొక్కరే డబ్బాలు పీకేసుకున్నారు. నీకు చెప్పటానికి అందరికీ మొహమాటమే. బిల్లు నీకు భయపడి దిగలేదురా. మేము భయపడితే దిగింది."

గోపీచంద్ హనుమయ్య వైపు తిరిగాడు. "నువ్వు కూడానా మావా?"

"ముందు పీకింది నేనే," అన్నాడు హనుమయ్య తల ఎత్తకుండా.

"మాది పారెయ్యలేదురా అబ్బాయ్," అంది కోటేశ్వరమ్మ. "గోడకి తగిలించా." చిన్నప్పటి నుంచి ఇంతలేసి అబద్ధాలాడతాడని నవ్వుకున్న పిల్లవాడి చేతిలోంచి చల్లారిన గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది.

గోపీచంద్ ఫోనులో ఏదో తెరిచి, వరసగా నొక్కుతూ పోయాడు. నవీద్ అతని భుజం మీదుగా వంగి చూశాడు. పచ్చగా ఉన్న మోటార్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి బూడిదరంగుకి తిరిగాయి.

"ఇప్పుడేమంటందది?" అన్నాడు నవీద్.

"తెలవదు అంటంది," అన్నాడు గోపీచంద్. "ఆ గుర్తుపెట్టుకునే ముక్క తీసేశా. ఇంక ప్రతిసారీ క్లౌడ్‌ని అడుగుద్ది. జవాబు రాకపోతే తెలవదనే చెప్పుద్ది."

"బిల్లు పెరగదా మరి?"

"పెరుగుద్ది."

"రేపు వాళ్ళొస్తే ఇదే చూపిస్తావా?" అన్నాడు బ్రహ్మయ్య.

"ఇదే చూపిస్తా బాబాయ్."

"అట్టయితే నేనొస్తా," అని బ్రహ్మయ్య ఎడమచేత్తో బల్ల పట్టుకుని లేచాడు. "ఈ చెయ్యి కూడా చూడాల గదా వాళ్ళు."