నిప్పుల ఏరు దాటిన దున్నపోతు

"నేను చేసింది పెద్ద పనేమీ కాదప్పా. సీట్లోంచి లేచి నిలబడితిని, అంతే," అన్నాడు చెన్నరాయప్ప.

ఆ మాటతో కాటన్‌పేటలో మునిరాజు టీ అంగడి ముందు నిలబడ్డవాళ్ళంతా ఆయన వైపు తిరిగారు. బెంచీ చివర కూర్చున్న ఇస్సాకు మాత్రం తల ఎత్తలేదు. చేతిలో టీ చల్లారిపోతోంది. అతను ఆనేకల్ నుంచి బస్సెక్కి వచ్చింది ఈ మాటలు వినడానికే. కానీ తానెవరో ఇక్కడ తెలియకూడదు.

ఇస్సాకు గుంటూరు మనిషి. కన్నడసీమలో ఆనేకల్ టాకీసుకు మేనేజరు. రేపు శుక్రవారం పొద్దుటి ఆటకు వాళ్ళ తెర మీదికి 'మేఘకేతు' వస్తోంది. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట పిల్లల మాసపత్రికలో నెలనెలా వచ్చిన బొమ్మల కథను ఇప్పుడు, 2002లో, సినిమాగా తీశారు. మెజెస్టిక్‌లోని టాకీసులో వారం ఆడింది. అక్కడ కాటన్‌పేట అభిమానులు తెర చించారని, రేపు ఆనేకల్ తెరకూ అదే గతి పడుతుందని పుకారు. టాకీసు యజమాని పోయిన నెలే కొత్త తెర కట్టించాడు. "దాని మీద గీత పడిందంటే మళ్ళీ మా గేటు లోపలికి రావద్దు," అని పొద్దున్నే ఇస్సాకుకు చెప్పేశాడు. భార్య బ్లెస్సీకి ఆనేకల్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం దొరికింది ఈమధ్యనే. మళ్ళీ సామాను కట్టమని ఆమెకు ఏ నోటితో చెప్పడం? పుకారు నిజమేనా, నిజమైతే ఎవర్ని బతిమాలుకోవాలి, అది తేల్చుకుందామని వచ్చాడు.

నిజమేనని వచ్చీ రాగానే తేలింది. ఎదురుగా స్టూలు మీద లలిత్ కూర్చున్నాడు. ముప్పై దాటిన మనిషి, జవుళి గిడ్డంగి చూసుకుంటాడు. ఒళ్ళో న్యూస్‌పేపరు చుట్టిన పొట్లం, అందులోంచి బయటికి వచ్చిన చెక్కపిడి. మూటల కుట్లు కోసే వంపు కత్తి అది. వ్యాను కూడా మాట్లాడారట.

వీళ్ళ కోపమంతా ఒక్క దున్నపోతు గురించి. కథలో మేఘకేతు నిప్పుల ఏరును దున్నపోతు మీద దాటుతాడట. సినిమావాళ్ళు తీగల వంతెన మీద దాటించారు. ఇస్సాకూ ఆ కథ చదివినవాడే. మిషన్ హాస్టల్లో ఒక్క నెల కూడా వదల్లేదు. అతనికి దున్నపోతు గుర్తు లేదు. ఇంతమంది అంటున్నారంటే తానే మరిచిపోయి ఉంటాడని సర్దుకున్నాడు.

"ఏరు సీను వచ్చె," అంటున్నాడు చెన్నరాయప్ప. యాభైకి దగ్గర పడ్డ మనిషి, ఇస్త్రీ చొక్కా, కుదురుగా ఉండని చేతులు. "వంతెన కనపడె. నా గుండెలో చురుక్కుమనె. లేస్తిని. నేను లేస్తే నా వెనక వరస లేచె, దాని వెనక వరస లేచె, బాల్కనీ లేచె, ఆఖరికి టికెట్లు చించేవాడు గూడా లేచి నిలబడె. గొంతు పెంచలేదప్పా నేను. ఇంట్లో పిల్లికి చెప్పినట్టు 'ఆపు' అంటిని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందన్నా?" అన్నాడు లలిత్.

"పైన మిషను ఆగిపాయ."

"ఆపరేటరు ఆపినాడా?" పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ అడిగాడు మునిరాజు.

"ఆపరేటరు బయట బీడీ తాగతా ఉండాడు. మిషనే ఆగింది. దానికి ఉండే మర్యాద నీకు లేదు, నోరు మూసుకొని సుమ్మనే టీ పొయ్యి."

ఇస్సాకు లోలోపల ఉడికిపోయాడు. మొన్ననే ప్రింటు మాట్లాడటానికి ఆ మెజెస్టిక్ టాకీసుకు వెళ్ళి, తెరను కళ్ళారా చూసి వచ్చాడు. దాని మీద సూది గుచ్చిన గుర్తు కూడా లేదు. ఆ ముక్క ఇక్కడ చెబితే నీకెలా తెలుసంటారు. అప్పుడు తానెవరో చెప్పాలి. లలిత్ వేళ్ళు చెక్కపిడి మీదే ఉన్నాయి.

"అప్పుడు నడిచితిని తెర దగ్గరికి. వేయి మంది పక్కకు జరిగి దారి ఇచ్చిరి. నడుములోంచి కత్తి తీస్తిని."

"తెర మూడు మిద్దెల ఎత్తు ఉంటాది గదన్నా. ఎట్లా అందింది?" అన్నాడు లలిత్ పక్కనున్నవాడు.

"ఎగిరితిని. ఒకటే ఎగురు. పైన మొదలుపెట్టి, జారతా జారతా, పుచ్చకాయ కోసినట్టు కిందికి కోసుకొస్తిని. ఆ చినిగిన శబ్దం సిటీ స్టేషన్ దాకా ఇనపడి, మద్రాసు పోయే రైలు కదలకుండా నిలబడిపాయ. గార్డు పచ్చజెండా మడిచి జేబులో పెట్టుకునె. ఆగండప్పా, అసలు కత ఇంకా రాలేదు. తెర రెండు ముక్కలాయె గదా? ఈ ముక్కలో మేఘకేతు సగం, ఆ ముక్కలో సగం. నాకు దండం పెడదామని ఈ చెయ్యి ఆ చెయ్యిని ఎతుక్కుంటా ఉండాది. ఎడమ సగం నాతో ఏమనిందో తెలుసా? 'అన్నా, నా తప్పేమీ లేదు. నన్ను వంతెన ఎక్కమనిరి, ఎక్కితిని.'"

ఎవరూ నవ్వలేదు. ఇస్సాకుకు అసలు భయం అక్కడ మొదలైంది. పక్క దారం అంగడి నుంచి టీ కోసం ఫ్లాస్కుతో వచ్చిన వరూధిని ఒక్కతే పెదవి బిగబట్టింది. మిగతావాళ్ళ ముఖాలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ సగం మేఘకేతు చెప్పింది వాళ్ళకు సాక్ష్యంలా తోచినట్టుంది.

"డైరెక్టరు మద్రాసులో అన్నం తింటా ఉండాడంట. శబ్దం ఇనపడి, చెయ్యి గూడా కడుక్కోకుండా విమానం ఎక్కె. పైలటు 'యాడికి సార్' అంటే 'చెన్నరాయప్ప దగ్గరికి' అనె. ఇంక అడ్రసు అడగలేదు పైలటు. దిగి, పప్పు చేత్తోనే నా కాళ్ళు పట్టుకొని, 'దున్నపోతును పెట్టి వేరే ప్రింటు పంపిస్తానన్నా' అని ఒట్టు పెట్టె. పంపించినాడా? లేదు! రేపు ఆనేకల్లో ఆడేది గూడా వంతెన ప్రింటే. నేను ఒక తెర కోసినా. అన్నీ నేనే కోయాలంటే ఎట్లప్పా? ఇంక మీ చేతుల్లో ఉండాది."

లలిత్ లేచి నిలబడ్డాడు. "పొద్దున్నే వ్యాను ఇక్కడికే వస్తాది. రాని వాళ్ళు ఇప్పుడే చెప్పండి."

ఒకరిద్దరు తలలూపారు.

"మీకు గుర్తుండాదా లేదా?" లలిత్ ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు. "ఏరు మధ్యలో దాని కాళ్ళు కాలతా ఉండాయి. అయినా ఆగలేదు. అక్కడ ఆ నెల కత ఆపేసిరి. మళ్ళీ నెల చూస్తే మేఘకేతు అవతలి గట్టున ఉండాడు. దున్నపోతు లేదు. దాని మాటే లేదు. అది బతికిందో లేదో సినిమాలోనైనా చెప్తారని ఇన్నేళ్ళు కాచుకుంటే, వంతెన ఏసినారు."

ఇస్సాకు అతని వైపు మొదటిసారి సూటిగా చూశాడు. ఇంతసేపూ రౌడీ అనుకున్న మనిషి కళ్ళు తడిగా ఉన్నాయి. భయం పోలేదు కానీ, దాని పక్కన ఇంకేదో చేరింది. మాట దానంతట అదే బయటికి వచ్చింది.

"ఆ దున్నపోతు బొమ్మ ఎలా ఉండేదండీ? నేనూ ఆ కథ అభిమానినే. ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు."

"ఎట్లుంటాది, నల్లగా ఉంటాది," అన్నాడొకడు.

"మిగతావి గుర్తున్నాయి నాకు. మూడు తలల పాము గోపురానికి చుట్టుకుని ఉంటుంది కదా?"

"నడిమి తలకు కన్ను ఉండదు," అన్నాడు లలిత్ వెంటనే.

"రాక్షసి దువ్వెన?"

"చేప ముల్లుతో చేసింది. రెండు పళ్ళు ఇరిగి ఉంటాయి."

"దున్నపోతు?"

లలిత్ నోరు తెరిచాడు. మూశాడు. పక్కవాళ్ళను చూశాడు. ఒకడు కొమ్ములు వెనక్కి ఉంటాయన్నాడు. ఇంకొకడు కాదు, ముందుకన్నాడు. ఎడమకు తిరిగి ఉందో, కుడికి తిరిగి ఉందో ఎవరూ చెప్పలేకపోయారు.

"మీరు చదివింది..." ఇస్సాకు ఆగిపోయాడు.

"మేము యాడ చదివినాము సార్," అన్నాడు మునిరాజు. "మా ఇళ్ళల్లో తెలుగు, ఇస్కూల్లో కన్నడ. తెలుగు అచ్చరాలు మాలో ఎవురికీ రావు. ఆ పుస్తకం పేటకంతా ఒకటే వచ్చేది, చెన్నరాయన్న ఇంటికి. ఇంటి ముందర జగలి అరుగు మీద కూర్చోబెట్టి ఆయన చదివి, బొమ్మలు చూపిస్తా ఉండె." గరిటె చేతిలోనే ఆగిపోయింది. "అవునప్పా! ఆ నెల బొమ్మలు చూపించలా. కళ్ళు మూసుకోమనె. 'నిప్పుల ఏరు దాటేటప్పుడు ఎవరన్నా కళ్ళు తెరిస్తే చూపు పోతాది' అనె."

"అవును. నేను గట్టిగా మూసుకుంటి," అన్నాడు లలిత్ మెల్లగా.

"నేను తెరిచినాను," అంది వరూధిని.

అందరూ ఆమె వైపు తిరిగారు. చెన్నరాయప్ప ఒక్కడే రోడ్డు మీద పోయే ఆటోను చూస్తున్నాడు.

"ఆయన చేతిలో పుస్తకం లేదు. ఒట్టి చేతులు. ఆ నెల పుస్తకమే రాలేదు."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమక్కా?" అన్నాడు మునిరాజు.

"చూపు పోతాదన్నాడు గదా. తెరిచినానని చెప్తే ఆ పొద్దే పోతాదేమోనని భయం. పెద్దయినాక మరిచిపోయినా."

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. మునిరాజు చూడలేదు. లలిత్ చేతిలో పొట్లం అలాగే ఉంది. అతను చెన్నరాయప్ప వైపు రెండడుగులు వేశాడు. ఆనేకల్ తెర సంగతి ఆ క్షణం ఇస్సాకుకు గుర్తు లేదు.

"నువ్వు చెప్పిందేనా అది?"

చెన్నరాయప్ప చొక్కా సర్దుకున్నాడు. ముఖంలో రంగు పోయి, మళ్ళీ మెల్లగా వచ్చింది.

"చూస్తిరా? నా దున్నపోతు నచ్చలేదంట ఆ డైరెక్టరుకి! ఎంత పొగరప్పా!"

ముందు మునిరాజు నవ్వాడు. తర్వాత వరూధిని. ఆ తర్వాత ఒక్కొక్కరుగా అందరూ. లలిత్ నవ్వలేదు. పొట్లాన్ని బెంచీ కిందికి తోసేసి, చెన్నరాయప్ప ఎదురుగా గొంతుకూర్చున్నాడు, చిన్నప్పుడు జగలి మీద కూర్చున్నట్టు.

"అన్నా. అది ఏరు దాటిందా?"

చెన్నరాయప్ప చేతులు కుదురుగా నిలిచాయి. ఆ సాయంత్రం అదే మొదటిసారి. గడ్డం గోక్కుని, చుట్టూ చూసి, చూపు ఇస్సాకు మీద నిలిపాడు.

"సారుది ఏ ఊరో?"

దాచి లాభం లేదనుకున్నాడు ఇస్సాకు. "ఆనేకల్ టాకీసు మేనేజర్నండీ."

లలిత్ తల దించుకున్నాడు. "తెరకేమీ కాదు సార్," అన్నాడు నేల చూస్తూ. "వ్యాను ఎట్లానూ మాట్లాడినాము. వచ్చి సినిమా చూసి పోతాము."

చెన్నరాయప్ప మాత్రం ముందుకు జరిగి కూర్చున్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "అయితే దున్నపోతు ఏమైందో రేపు ఇంటర్వెల్లో అక్కడే చెప్తాలే, ఊరంతా ఇననీ. మీ టాకీసులో మైకు ఉండాదా సార్?"

ఇస్సాకు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి లేచాడు.

"మైకెందుకండీ. మీరు ఇక్కడ చెప్పిందే ఆనేకల్ దాకా వినిపించింది. నేను వచ్చిందే అందుకు."