సగం ఎత్తున జెండా

ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో పోయినవాళ్ళ సంస్మరణ దినం. పన్నుల ఆఫీసు రెండో అంతస్తులో సూపరింటెండెంటూ, అటెండరుగా పనిచేసే ఆవిడా.

“సగం ఎత్తున కట్టమన్నానా లేదా?”

“కట్టాం సార్. సగం ఎత్తంటే సరిగ్గా మగాళ్ళ బాత్రూం కిటికీ ముందుకొచ్చింది.”

“కిటికీ మూసెయ్యండి.”

“మూస్తే కంపు సార్.”

“దేశమంతా దుఃఖంలో ఉంటే నీకు కంపు గోలేంటమ్మా! కాస్త పైకి లాగండి.”

“పైకి లాగితే సగం ఎత్తు కాదుగా సార్. సర్క్యులర్లో...”

“నాకే సర్క్యులర్ చెప్తావా? అవునూ, పోయినేడాది జెండా ఏదీ? అదైతే చిన్నది.”

“రికార్డు రూం కిటికీకి కర్టెన్ కట్టించారు సార్. మీరే.”

“నేనా?”

“మీరే. ఎండ పడుతోందని.”

“సర్లే, సర్లే. పదకొండింటికి రెండు ఫొటోలు పైకి పంపాలి. బయట జెండా, హాల్లో స్టాఫ్ మౌనం. ఎవరూ నవ్వకూడదు. పోయినసారి క్యాషియర్ పళ్ళికిలించాడు, మెమో నాకొచ్చింది.”

“సార్, పొద్దున ఓ మాటడిగాను...”

“ఏం మాట?”

“రెండు గంటలు పర్మిషన్. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి. పోయినవాళ్ళ తాలూకు వాళ్ళందరం పదకొండింటికి అక్కడే నిలబడతాం. మా తమ్ముడు...”

“తెలుసమ్మా, నీ తమ్ముడు ఆ మంటల్లోనే పోయాడని నాకు తెలీదా? నీ బాధ నా బాధ కాదూ?”

“అయితే వెళ్ళొస్తా సార్. అమ్మ ఒక్కతే వెళ్ళింది. కళ్ళు ఆనవు, పక్కన మనిషి లేకపోతే...”

“అదొక్కటీ అడక్కు. ఇవాళ సెలవులూ పర్మిషన్లూ అన్నీ రద్దు.”

“ఎందుకు సార్?”

“ఎందుకేంటి? మీ తమ్ముడి లాంటివాళ్ళని స్మరించుకోవాలని!”

“నేనూ అందుకే వెళ్తానంటున్నా సార్.”

“అక్కడ నిన్నెవరు చూస్తారమ్మా? ఇక్కడైతే ఫొటోలో పడతావు. ముందు వరసలో నించోబెడతా, సరేనా? బాధితుల కుటుంబం అని కింద రాయిస్తా.”

“మా అమ్మకి ఫొటో కనబడదు సార్.”

“మళ్ళీ అదే మాట! టైమెంతయింది?”

“పదకొండుకి పది నిమిషాలు.”

“అదుగో, అప్పుడే ఇద్దరు బ్యాగులు సర్దుతున్నారు. పోయినేడాదీ ఇంతే, మౌనం అనగానే దాదాపు అందరూ టీకి జారుకున్నారు. ఫొటోలో పట్టుమని పదిమంది లేరు. నువ్వొక పని చెయ్యి. అందరూ హాల్లోకి రాగానే రెండు తలుపులకీ తాళాలేసెయ్.”

“తాళాలా?”

“బయట్నించి. ఫొటో అయ్యాక తీద్దువు గాని.”

“మరి నన్ను ముందు వరసలో అన్నారు?”

“వచ్చే ఏడాది నించుందువు గానిలే. ఇదిగో తాళాలు, పట్టుకో.”

“సార్, లోపల ఎనభై మంది...”

“ఉంటే? అలా చూస్తావేంటి? అయిదే నిమిషాలు. ఎవడూ మధ్యలో బయటికి పోకూడదు, అంతే.”

“మా తమ్ముడి వాళ్ళ ఫ్యాక్టరీ తలుపుకి తాళమేసిన సూపర్‌వైజరు, కోర్టులో అచ్చం ఇదే మాట చెప్పాడు సార్.”