పిలవని చేన్లో మంద

గాదిలింగప్ప అని గొర్రెలు కాసేటోడు ఒకాయప్ప ఉండినాడంట. మనిషి మంచోడే గానీ బుద్ధి మాత్రం గొర్రెల్దే. ఇది నా మాట కాదు, ఆయప్పే చెప్పుకునేటోడంట. మంద కట్టేది మీకు తెలుసు గదా, టౌన్నుంచి వచ్చిన ఈ సారుకి తెలీదేమో, చెప్తా ఉండు. ఎండాకాలం చేను ఖాళీగా ఉన్నప్పుడు రైతు పిలిస్తే, గొర్రెలోడు పోయి మందను ఆ చేన్లో పండబెడతాడు. తెల్లారేసరికి చేనంతా ఎరువు. దానికి రైతు ఇంటినుంచి సాయంత్రం సంగటి బుట్ట వస్తాది, తర్వాత ఇన్ని జొన్నలు కొలుస్తారు. పిలిస్తేనే పోవల్ల. పిలవకుండా పోగూడదు. అది పద్ధతి.

అదే ఊర్లో సుంకమ్మ అని మొగుడు పోయిన మనిషి, ఒంటిగా శెనక్కాయ చేను చేసుకునేది. ఏటా గాదిలింగప్పనే పిలిచేది. బుట్ట తనే ఎత్తుకొచ్చేది. సంగటి పొగలు కక్కతా ఉండేది, మీద శెనక్కాయలు నూరిన ఊరిబిండి, దాని మీద ఇంత నెయ్యి. తినేంతసేపూ పక్కన కూచునేది. ఇంగ చెప్పేదేముంది, మీరేం చిన్నపిల్లోళ్ళు కాదు. ఊరికి తెలుసు, ఊరు నోరు మూసుకుంది. ఏమైందంటే, రాను రాను నెయ్యి తగ్గిందంట. తర్వాత సంగటి చల్లారి రావడం మొదలైంది. కూచునే మనిషి నిలబడింది. నిలబడే మనిషి బుట్ట గట్టు మీద పెట్టి "తిని కడిగి పెట్టు లింగప్పా" అని ఎల్లిపోయింది. కొట్లాట లేదు, మాటా మాటా అనుకున్నదీ లేదు. తిట్టింటే బాగుండు, తిట్టినదానికి ఒక జవాబన్నా చెప్పేవాణ్ణి అని ఆయప్ప బాధ. ఆ మరుసటి ఏడు అసలు పిలుపే రాలేదు.

గుట్ట మీద కూచోని పొట్టేలుతో మాట్లాడినాడంట. "ఒరేయ్, నువ్వే చెప్పరా, నాకేం తక్కువ? మీసముండాది, కంబళుండాది, పండ్లు ఒకటో రెండో పోయినాయి, అంతే గదా!" అది ఇన్నంతసేపు ఇని, నాలుగు పెంటికలేసి పోయింది. "అవున్లే, నిజమే చెప్పినావు" అని నవ్వుకున్నాడు. నవ్వినాడు గానీ, పొద్దు వాలేసరికి ఇంటికి పోవల్లంటే భయం. పెండ్లాం లేదు, బిడ్డల్లేరు, "తిన్యావా" అనే దిక్కు లేదు. సంగటికేముంది, యాడన్నా దొరుకుతాది. ఆ పక్కన కూచునే మనిషి కోసం పానం కొట్టుకుంటాంది. మర్చిపోయింటాదిలే పాపం, పనుల్లో పడి, అనుకున్నాడు. అనుకుని, పిలవకనే మందను తోలుకుపోయి సుంకమ్మ చేన్లో కట్టేసినాడు.

బుట్ట రాలేదు. మనమైతే ఏమనుకుంటాం? వద్దనుకుందిలే అనుకుంటాం. ఈ మహానుభావుడు ఎరువు చాల్లేదేమో అనుకున్నాడు! మర్నాడు మల్ల కట్టినాడు. ఆ మర్నాడు మల్ల. దావన పోయేటోళ్ళు "ఏం లింగప్పా, పిలిచిందా?" అంటే, "పిలవకుండా వస్తానా, నాకేమన్నా పిచ్చా?" అంటాడు. వేరే రైతులొచ్చి పిలిస్తే ఖాళీ లేదప్పా అంటాడు. ఎండు రొట్టె నములుతా ఊరి దిక్కే చూస్తాడు. రెండు మూడు దినాలు చాలే చేన్లో వానలు పడేదాకా కట్టినాడనుకో. చెప్తాంటే నాకే కంపు కొడతాంది.

వానొచ్చింది, సుంకమ్మ ఇత్తనమేసింది. చెట్లు మోకాలెత్తు లేచినాయంట, నల్లగా నిగనిగలాడతా. ఊరంతా వచ్చి చూసింది. గాదిలింగప్ప మీసం దువ్వినాడు, ఇంగ ఆయమ్మే వస్తాది చూడండి అన్నాడు. వచ్చింది, నిజమే. కాయ పీకే కాలానికి, ఏర్లతో పీకిన చెట్టొకటి పట్టుకోని గుట్టెక్కి వచ్చి ముందర పడేసింది. చూస్తే ఏముంది, అంతా ఆకే. ఉన్న ఒకటో రెండో కాయలు లొట్ట, లోపల గింజ లేదు. ఎరువెక్కువైతే శెనక్కాయ అంతే, ఆకుకు పోతాది. ఆ సంగతి గొర్రెలోడికి తెలీదా? బాగా తెలుసు. మనసు పడినోడికి తెలిసినా ఒకటే, తెలీకపోయినా ఒకటే.

"ఏడాది తిండి పాయె లింగప్పా" అనింది. ఆయప్ప తలెత్తల్యా. "తిట్టు సుంకమ్మా, నోరారా తిట్టు. నా మందలో అందరికంటే పెద్ద గొర్రెను నేనే" అన్నాడంట. ఆయమ్మకి నవ్వొచ్చింది. నవ్వతా నవ్వతానే కండ్లు తుడుచుకుంది. "నిన్నేం తిట్టేది? దినామూ చూస్తానే ఉంటి. పొమ్మనేకి నోరు రాల్యా, రమ్మనేకి మనసు రాల్యా. నీ మీద కోపం లేదప్పా. ఆ పాత ఇష్టమూ లేదు. యాడ పోయిందో నాకే తెలీదు, ఉంటే నీకియ్యనా?" అనింది. "రేపు మందను తోలుకురా, ఆకన్నా మేయనీ. తర్వాత ఇంగ రావద్దు" అని దిగిపోయింది. తోలినాడు. పొద్దు గూకేసరికి చేను బోడి. చేనికి అడ్డం పెట్టే ముండ్లకంప ఆయప్పే బయటనుంచి మూసినాడు. ఇంట్లో ఉన్న జొన్నలన్నీ మూటగట్టి ఆయమ్మ వాకిట్లో దించినాడు, ఆయమ్మా కాదన్లేదు, జరిగిన నష్టం అట్లాంటిది.

ఆ ఏడు అంత బలిసిన గొర్రెలు చుట్టుపక్కల యాడా లేవంట. సంతలో యాపారస్తులు ఎగబడినారు. ఇంట్లో గింజ లేదు, అయినా ఒక్కటీ అమ్మలేదు. "ఏమప్పా, పస్తులుంటావా, అమ్మరాదా?" అంటే, "ఎట్ల అమ్మేది, సుంకమ్మ చేను తిన్యాయి గదా" అన్నాడంట. ఇట్లాంటోడి కథ ఇంతసేపు చెప్పిన నాకూ బుద్ధి లేదు, పనులిడిసి ఇన్న మీకూ లేదు. లేయండి ఇంగ.