ఇనప్పెట్టెకు చదివింపులు

నారిన్ కొండల్లో ఒక చిన్న ఊరు, ఆ ఊరికి ఉన్న ఒకే ఒక్క బ్యాంకు. మంచు కరిగే కాలం, పొద్దున్న. ఊరంతా బయట వరస కట్టి ఉంది. లోపల ముగ్గురే ఉన్నారు: మేనేజరు కుబాత్, వరసలో అందరికంటే ముందు నిలబడి లోపలికి వచ్చిన ముసలమ్మ బుబుసారా, తలుపు దగ్గర కాపలాదారు సుయున్. ఆ ఊళ్లో పెద్ద వయసు ఆడవాళ్లని అపా అని, మగవాళ్లని బైకే అని పిలుస్తారు.

“…కూర్చోమంటే కూర్చోను. నిలబడే అడుగుతాను. నా డబ్బు నాకిచ్చెయ్, కుబాత్.”

“ముందు టీ తాగండి అపా.”

“టీ మా ఇంట్లో ఉంది. డబ్బే లేదు. అది నీ దగ్గరుంది.”

“ఉంది, ఉంది. ఎక్కడికీ పోలేదు. ఉన్నట్టుండి ఇంత తొందరేమొచ్చింది మీకు?”

“నిన్న మధ్యాహ్నం మీ ఇనప్పెట్టెను లారీ ఎక్కించారు. ఊరంతా చూసింది. పెట్టే వెళ్లిపోయాక డబ్బు మాత్రం ఎందుకుంటుంది ఇక్కడ?”

“అయ్యో, అది పాత పెట్టె. తాళం పట్టేస్తోందని పంపేశాం. కొత్తది అంతకు ముందే వచ్చేసింది.”

“వస్తే ఎవరికీ కనబడలేదేం?”

“చీకటితోనే దించాం. దొంగల భయం ఉంటుంది కదా, చాటింపు వేసి దించుతామా?”

“పోయేదాన్ని పట్టపగలు ఊరేగించారు, వచ్చేదాన్ని దుప్పటి కప్పి దాచారు. ఈ తెలివి ఎవరిది?”

“…నాదే.”

“మీ నాన్న పోలికే. ఆయన కూడా అంతే, మేలు చేసినా దొంగతనం చేసినట్టు చేసేవాడు.”

“సుయున్ బైకే, బయట ఎలా ఉంది?”

“కిటికీ అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు, కుబాత్. వరస మసీదు మలుపు తిరిగింది. జిల్దిజ్ కూడా వచ్చి నిలబడింది.”

“రొట్టెల కొట్టు జిల్దిజా? ఆవిడ ఇక్కడ దాచుకున్నదేం లేదే. తీసుకున్న అప్పే ఉంది.”

“నేనూ అదే అడిగాను. అందరికీ ఇస్తున్నారట కదా, నాకూ ఏమైనా వస్తుందేమోనని నిలబడ్డానంది.”

“నా సంగతి తేల్చు ముందు. నా డబ్బు ఎందుకో తెలుసా నీకు?”

“తెలుసు అపా. మీ సంవత్సరీకానికి.”

“నేను పోయిన ఏడాదికి గుర్రాన్ని కొయ్యాలి. చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చి తినాలి. నా కొడుకు చేతిలో పెడితే కోడిని కోసి, చారులో ఉప్పు తగ్గిందని అదీ సరిగ్గా వడ్డించకుండా పంపేస్తాడు. అందుకని తినీ తినకా కూడబెట్టి నీ దగ్గర దాచాను. ఏదీ, ఇలా పెట్టు.”

“ఇస్తాను. కాకపోతే మొత్తం ఇక్కడే ఉండదు అపా. కొంత బయట తిరుగుతూ ఉంటుంది.”

“తిరుగుతోందా? ఎవరితో?”

“అంటే… అప్పులిచ్చాం. బ్యాంకు చేసే పనే అది కదా. మీరు దాచుకుంటారు, అవసరమున్నవాళ్లు తీసుకుంటారు, వాళ్లు వడ్డీ కడతారు, అందులో మీకు కొంత.”

“నాది ఎవరికిచ్చావు?”

“చెప్పకూడదు. రూలు ఒప్పుకోదు.”

“నా డబ్బు ఎవరింట్లో కాపురం చేస్తోందో నాకే చెప్పకూడదా?”

“మీది విడిగా ఉండదు అపా. అందరివీ కలిసిపోతాయి. మీవి, సుయున్ బైకేవి, బయట నిలబడ్డవాళ్లవి…”

“కానిమెత్‌వి కూడానా?”

“ఆవిడవి కూడా.”

“నా డబ్బూ కానిమెత్ డబ్బూ ఒకే పెట్టెలోనా? ఆ ఇంట్లో టీ చుక్క ముట్టి ఎన్నేళ్లయిందో తెలుసా నీకు? ముందే చెప్పి ఉంటే పరుపులోనే దాచుకునేదాన్ని.”

“కోప్పడకండి. ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. పొద్దున మీరు తిన్న రొట్టె ఎక్కడిది?”

“జిల్దిజ్ కొట్టుది.”

“జిల్దిజ్‌కి అంత పెద్ద పొయ్యి ఎక్కడిది?”

“ఏమో, నాకేం తెలు… కుబాత్.”

“నేనేం చెప్పలేదు.”

“నా డబ్బుతో పొయ్యి కొనుక్కుని, నాకే రొట్టె అమ్ముతోందా? అదీ మాడిన రొట్టె.”

“నేనేం చెప్పలేదు అపా. ఊరికే అడుగుతున్నాను. అక్కడ పిండి కలిపేది ఎవరు?”

“మా మనవరాలు.”

“జీతమిస్తున్నారా?”

“ఇవ్వకపోతే ఊరుకుంటానా?”

“ఆ జీతంలో మిగిలింది ఎక్కడ దాస్తోంది?”

“ఇక్కడే. నేనే చెప్పి దాయించాను.”

“చూశారా మరి.”

“అంటే నా డబ్బు జిల్దిజ్ ఇంటికి వెళ్లి, అక్కణ్ణించి నా మనవరాలి చేతికొచ్చి, మళ్లీ ఇక్కడికే వచ్చిందా?”

“వచ్చింది.”

“మంచిది. ఇచ్చెయ్.”

“మళ్లీ వెళ్లింది అపా.”

“మా ముసలాయన కూడా ఇంతే. వచ్చాడని టీ పెట్టేలోపు మళ్లీ గుర్రమెక్కేవాడు.”

“ఎలా చెప్పను మీకు… పాలిచ్చే గుర్రాన్ని ఇబ్బందుల్లో ఉన్న చుట్టాలింట్లో కట్టేసి రామూ? పాలు వాళ్లు తాగుతారు, గుర్రం మనది. అలాంటిదే ఇది.”

“అలా అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లి చూసొస్తాను. పళ్లు చూస్తాను, డొక్కలు చూస్తాను. నువ్వు చూడనివ్వడం లేదు కదా. పెట్టె తెరువు.”

“ఏంటీ?”

“పెట్టె. తెరువు. కళ్లతో చూస్తే గానీ నమ్మను.”

“తాళంచెవి… ఎక్కడ పెట్టానో…”

“నీ మెళ్లోనే ఉంది కుబాత్.”

“బైకే, మిమ్మల్ని ఎవరడిగారు?”

“తెరువు నాయనా. లేకపోతే బయటికి వెళ్లి, మేనేజరు పెట్టె తెరవనంటున్నాడని ఒకే ఒక్క మాట అంటాను. తర్వాత నీ ఇష్టం.”

“…సరే. కేకలు మాత్రం వెయ్యకండి.”

“నేనెప్పుడూ కేకలు వెయ్యను. జరుగు.”

“ఇదిగో, తెరిచాను.”

“ఇదేంటి?”

“రొట్టె. నా మధ్యాహ్నం భోజనం.”

“ఇవి?”

“చేతి తొడుగులు.”

“ఈ ఒక్క కట్టా?”

“అది డబ్బు.”

“మిగతాది?”

“వస్తోంది అపా. నిజంగా వస్తోంది. నిన్న పింఛన్లన్నీ పంచేశాం. నారిన్ పట్నం నుంచి డబ్బు తేవలసిన బండి దొలోన్ కనుమ మీద మంచులో ఇరుక్కుంది. సాయంత్రానికల్లా…”

“ఏ సాయంత్రానికి?”

“దేవుడు తలిస్తే ఇవాళే.”

“ఈ కట్టలో నా గుర్రం వస్తుందా?”

“గుర్రం రాదు. గొర్రె రావచ్చు.”

“గొర్రెతో నా సంవత్సరీకమా? కానిమెత్ ఎముక చీకుతూ నవ్వదూ? నేను పోయాక కూడా నాకు మనశ్శాంతి లేకుండా చేస్తావా నువ్వు?”

“ఒక్క మాట వినండి. ఈ కట్ట మీకిస్తాను. మీ తర్వాత వచ్చినవాళ్లకి లేదంటాను. లేదన్న మాట బయటికి పొక్కితే ఇక ఎవర్నీ ఆపలేను. రేపు బండి నిండా డబ్బొచ్చినా చాలదు, ఎందుకంటే ఊరి డబ్బంతా పొయ్యిల్లో, ట్రాక్టర్లలో, గొర్రెల్లో ఉంది. పైవాళ్లు ఈ శాఖ మూసేస్తారు. అప్పులన్నీ ఒక్కసారే కట్టమంటారు. జిల్దిజ్ పొయ్యి పట్టుకుపోతారు. మీ మనవరాలి జీతం పోతుంది. గుర్రాలూ గొర్రెలూ అందరూ ఒకేసారి సంతకి తోలితే కొనేవాడుండడు. నా ఉద్యోగం గురించి నేను మాట్లాడటం లేదు.”

“నేనూ అడగలేదు.”

“భయంగా ఉంది అపా.”

“అది నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆ మొహంతో తలుపు తియ్యకు. సుయున్, బయటవాళ్లు ఏమనుకుంటున్నారు?”

“లోపల పెట్టే లేదంటున్నారు. ఉన్నా చెక్కదంటున్నారు. ఒకాయన అట్టపెట్టె అన్నాడు.”

“అయితే వాళ్లకి కావలసింది డబ్బు కాదు. ఈ పెట్టె కొత్తదేనా?”

“చూడండి, నిగనిగలాడుతోంది. పిడికి చుట్టిన కాగితం కూడా తియ్యలేదు.”

“కొత్తగా మన ఊరికొచ్చింది. ఇంతవరకూ ఎవరూ ముఖం చూళ్లేదు.”

“చూళ్లేదు.”

“మరి కోరుందుక్ ఏది?”

“…ఏంటి?”

“కొత్త కోడలు ఇంట్లో అడుగుపెడితే ఏం చేస్తారు? ముసుగు వేసి తెర వెనక కూర్చోబెడతారు. ముఖం చూడాలన్నవాళ్లు చదివించి చూస్తారు. ఉత్త చేతుల్తో తొంగిచూసిన మనిషి ఈ ఊళ్లో ఉందా?”

“అపా, ఇది ఇనప్పెట్టె.”

“మా పెద్దకోడలు ఇంతకంటే మెత్తనిదేం కాదు. దాని ముఖానికి ఊరంతా చదివించింది. పెట్టె తలుపు మూసి తాళం వెయ్యి. నీ రొట్టె నువ్వు తీసుకో. ఇదిగో నా శాలువా, పైనుంచి కప్పు. కుచ్చులు ముందుకు రావాలి. కోడలన్నాక కొంచెం సిగ్గుపడాలి.”

“పెట్టె తలుపు తెరిచి చూపించమంటే?”

“కోడలి ముఖం చూపిస్తారు గానీ, పొట్ట కోసి ఏం తిందో చూపిస్తారా? తప్పుకో. సుయున్, తలుపు తియ్యి.”

ఇక్కడి నుంచి మాటలు గుమ్మం దగ్గర.

“ఏమే బుబుసారా, ఇచ్చాడా?”

“ఓ, కానిమెత్. ఇస్తానని వెంటపడ్డాడు, నేనే వద్దన్నాను. అంత అందమైన పెట్టెలోంచి డబ్బు బయటికి లాగాలంటే మనసొప్పలేదు.”

“పెట్టె ఉందా?”

“ఉండటమేంటి? ఏకంగా రాజధాని బిష్కెక్ నుంచి వచ్చింది. ముఖం చూశాను, కోరుందుక్ వేశాను.”

“ఎంత?”

“వెయ్యి సోమ్‌లు.”

“నువ్వా? వెయ్యా? మా కోడలి ముఖానికి రెండొందలు వేశావు.”

“ముఖాన్ని బట్టే కదా వేస్తాం.”

“ఏమన్నావు?”

“నువ్వు చూడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరులే. ఇబ్బందుల్లో ఉన్నావని అందరికీ తెలుసు.”

“ఎవరికే ఇబ్బందులు? సుయున్, పక్కకి జరుగు. ఇదిగో, రెండు వేలు. అందరూ చూస్తున్నారా? రెండు వేలు.”

“చూస్తున్నారు, చూస్తున్నారు. కుబాత్, శాలువా ఎత్తు. నెమ్మదిగా.”

“…అబ్బో. గట్టిగానే ఉంది. భుజాలు చూడు ఎలా ఉన్నాయో. బరువెంత?”

“నలుగురు మోశారు, కానిమెత్ అపా.”

“లోపల నిండుగా ఉందా?”

“కొత్త కోడలి గురించి అడిగే మాటేనా అది? వయసొచ్చింది గానీ సిగ్గు లేదు నీకు.”

“ఊరికే అన్నాలేవే. అవునూ, నేను డబ్బు తీసుకోవడానికొచ్చాను.”

“తీసుకో తల్లీ, నీ డబ్బు నీ ఇష్టం. ముఖం చూసిన రోజే కోడలి ఒంటి మీది నగ ఊడదీసి పట్టుకుపోయిందని నాలుగిళ్లల్లో అనుకుంటారు, అంతేగా.”

“…ఇవాళ వద్దులే. ఇంకోసారి వస్తాను.”

“తర్వాతెవరు? కాళ్లు దులుపుకుని రండి. ఉత్త చేతుల్తో రాకండి. ఎంత వేసిందీ గట్టిగా చెప్పి మరీ వెయ్యండి.”

“సుయున్ బైకే, నా దగ్గర డబ్బు లేదు. వేడి రొట్టె తెచ్చాను, చాలా?”

“ఇనప్పెట్టెకి రొట్టె ఎందుకమ్మా జిల్దిజ్?”

“పెట్టమనండి బైకే, పెట్టమనండి. ఈ పెట్టెకి రొట్టె పడుతుంది.”

“అపా, ఇలా రండి ఒకసారి. ఈ చదివింపులు నేనెలా రాయాలి? బ్యాంకులో ఇలాంటి పద్దే లేదు.”

“కోడలికొచ్చింది కోడలి దగ్గరే ఉంటుంది. పెట్టెలో పెట్టు.”

“అలా కుదరదు. తప్పవుతుంది. ఎవరు వేసింది వాళ్ల ఖాతాలోనే జమ రాసి రసీదు ఇస్తాను.”

“రాసుకో. తీసుకుపోవడానికొచ్చినవాళ్ల చేత దాయించావన్నమాట.”

“అపా, మీ వెయ్యి ఎక్కడ? మీరేం వెయ్యలేదు కదా.”

“శాలువా ఎవరిది?”

వరస అయిపోయింది. సుయున్ తలుపు మూశాడు.

“వెళ్లిపోయారా అందరూ?”

“వెళ్లిపోయారు కుబాత్. ఒక్కరు కూడా తీసుకోలేదు. కానిమెత్ రెండు వేలు చూశాక వెయ్యికి తగ్గడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. చివర్లో ఇద్దరు గొర్రెల కాపర్లు ఉన్నదంతా వేసేశారు.”

“అపా, మిమ్మల్ని ఏమని పొగడాలో తెలియడం లేదు. నిజం చెబుతున్నాను, ఏడుపొస్తోంది.”

“ఏడవకు. తడి నోట్లు లెక్కపెట్టడం కష్టం.”

“బిష్కెక్‌లో మాకు పాఠం చెప్పినాయన ఇదే నెత్తీ నోరూ బాదుకుని చెప్పేవాడు. నాకు ఎక్కలేదు. ఇవాళ ఎక్కింది. జనానికి డబ్బు అక్కర్లేదు అపా. ఉందన్న నమ్మకం ఉంటే చాలు. ఆ నమ్మకం ఉన్నంతసేపు పొయ్యి వెలుగుతుంది, ట్రాక్టరు నడుస్తుంది, గొర్రెలు ఈనుతాయి. బ్యాంకంటే ఇటుకలూ ఇనుమూ కాదు, నమ్మకం.”

“బాగా చెప్పావు. ఆ పెట్టెలో ఇప్పుడు ఎంతుంది?”

“ఆ కట్టతో కలిపితే చాలానే ఉంది. బండి రేపొచ్చినా గండం లేదు.”

“నా గుర్రం వస్తుందా అందులో?”

“వస్తుంది. ఇంకా కొంచెం మిగులుతుంది కూడా. ఎందుకడుగుతున్నారు?”

“లెక్కపెట్టి ఇచ్చెయ్.”

“అపా… ఇప్పుడే కదా చెప్పుకున్నాం. నమ్మకం అని. ఊరంతా నమ్మింది.”

“నమ్ముతుంది నాయనా, ఎందుకు నమ్మదు? వాళ్లంతా పెట్టె ముఖం చూశారు. లోపల చూసినదాన్ని నేనొక్కదాన్నే కదా.”