దూది లేని కోటు

గడియ పెట్టుకుని కూర్చుంటే షూటింగ్ ఆగిపోతుందనుకున్నావా నాన్నా? ఏమీ ఆగదు. అందరూ భోజనాలకి కూర్చున్నారు. నిన్నే నంజుకుంటూ హాయిగా తింటున్నారు.

నేనే. ఇంకెవరూ లేరు. ఫైట్ మాస్టర్ పంపలేదు, ఒట్టు.

సరే, పంపాడు. అయితే ఏంటి? ఇది నా కాస్ట్యూమ్ గది. కుట్టేదాన్ని బయట నిలబెట్టి, పడేవాడు లోపల గడియ పెట్టుకున్నాడు. బాగుంది వరస.

నవ్వట్లేదు. కొంచెం నవ్వాను. నవ్వొద్దంటే ఎలా చెప్పు? నీ పెళ్లికి ముందు నుంచీ గూండా వేషాలే వేశావు. హీరో చెయ్యెత్తితే చాలు, గాల్లోకి లేచి బల్లలు విరగ్గొట్టుకుంటూ పడ్డావు. ఇన్నాళ్లకి ఒక డైరెక్టర్ గారు నిన్ను పిలిచి, ఈ కామెడీ సినిమాలో వీధిని ఆక్రమించడానికొచ్చిన గూండాల్ని చితక్కొట్టేది నువ్వే అన్నారు. గొడుగులు బాగుచేసే ముసలాయన వేషం. చేతిలో గొడుగే ఆయుధం. ఇంట్లో చీపురు పట్టుకుని నువ్వు చేసిన సాధనకి అమ్మ పూలకుండీ పగిలింది, ఫ్యాను రెక్క వంగింది. పోనీలే, మా ఇంటి హీరో కదా అని ఊరుకున్నాం.

తీరా కెమెరా ముందు ఏం చేశావు? గూండాల నాయకుడి వేషం వేస్తున్నాడే, మనం డ్రమ్ము అంటామే, వాడు "హా" అని చెయ్యి విసిరాడు. నువ్వు వంగి తప్పించుకుని గొడుగుతో వాడి పొట్టలో పొడవాలి. అంతేగా? వాడి చెయ్యి నీ దాకా రానేలేదు, నువ్వు అప్పటికే వెనక్కి ఎగిరి కూరగాయల బుట్టల మధ్య తేలావు. పైగా ఎంత అందంగా పడ్డావో, ఒక కాలు పైకి లేపి మరీ.

మళ్లీ తీశారు. మళ్లీ పడ్డావు. ఆ తర్వాత వాడు "హా" అనకముందే పడ్డావు. పాపం డ్రమ్ము బిక్కమొహం వేసి, "నేనేం చెయ్యలేదు సార్" అన్నాడు. లైట్లు పట్టుకునే ఆయన నిచ్చెన మీంచి జారబోయాడు నవ్వలేక.

ఏంటది? తలుపు మీద వేలితో కొడితే నాకేం తెలుస్తుంది? ఇందాకటిదాకా మాట్లాడి ఇప్పుడు మౌనవ్రతమా? సరే, ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. సరేనా?

ఒకసారి. మంచిది.

సిగ్గేసి దాక్కున్నావా?

కాదా? మరెందుకు నాన్నా?

చూడు, భోజనాలయ్యాక ఇంకొక్కసారి తీస్తానన్నాడు మాస్టర్. అప్పుడూ పడితే గొడుగు ఇంకొకాయన చేతికిస్తాడట. నువ్వు మళ్లీ గూండాల గుంపులోకే. ఆయన్ని తిట్టుకోకు. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేకపోయాడు. ఆయనకి పడటం నేర్పింది నువ్వేనట కదా, చెప్పాడు.

కోటు విప్పి ఇటివ్వు, వెనక కుట్టు ఊడింది. తలుపు ఓరగా తీస్తే చాలు.

ఇవ్వవా?

చిరిగిన కోటుతో వస్తావా కెమెరా ముందుకి? ఇచ్చెయ్యి, చిటికెలో కుట్టేస్తా.

మళ్లీ రెండుసార్లు.

ఓహో.

నాన్నా, ఆ కోటు వీపులో దెబ్బ తగలకుండా కుట్టే దూది లేదని నీకు తెలుసు కదూ?

తెలుసు.

ఒకసారే కొట్టావు, తొడుక్కోగానే తెలిసుంటుంది. దూది మందం నీకు తెలిసినంత నాకు కూడా తెలీదు. పొద్దున్నే కుట్లు విప్పి నేనే తీసేశాను. వీపుకి పరుపు కట్టుకుని తిరిగే మనిషికి పడక మీదే ధ్యాస ఉంటుంది, అది లేకపోతే భయపడైనా నిలబడతాడని నా అతితెలివి. అడిగితే ఒప్పుకోవని అడగలేదు. నీ వీపుకి భయం లేదని నాకేం తెలుసు?

వట్టి నేల మీద పడ్డావు. పడ్డ ప్రతిసారీ కెమెరా లేని వైపు తిరిగి పెదవి కొరుక్కున్నావు. అది కూడా నటనే అనుకుని పగలబడి నవ్వాను.

ఇప్పుడు గడియ పెట్టుకున్నది నీ పరువు కోసం కాదు. కోటు బయటికొస్తే మాస్టర్ అలవాటుగా దాని వీపు తడుముతాడు, దూదేదీ అంటాడు, కుట్టింది ఎవరంటాడు. అందుకే కదా? 

అంత మెల్లిగా కొట్టకు నాన్నా. గట్టిగానే కొట్టు. నా వీపున పడాల్సినవే అవి.

తియ్యి గడియ. దూదీ సూదీ రెండూ తెచ్చాను. ముందు వీపు చూపించు, తర్వాత కోటు. మాస్టర్‌కి నేనే చెప్తా. నన్ను పనిలోంచి తీసేస్తే తీసేస్తాడు, ఊళ్లో బట్టలు కట్టుకునేవాళ్లకి కరువా?

ఇంకో మాట విను. నిలబడటం నీవల్ల కాదు, ఒప్పేసుకుందాం. పడు. కానీ ఎప్పుడూ వెనక్కేనా? ఈసారి ముందుకి పడు. గొడుగు ఫట్‌మని తెరిచి, నీకొచ్చిన విద్యంతా చూపించి, డ్రమ్ము పొట్ట మీదే పడు. వాడి వెనక గూండాలందరూ నిలబెట్టిన ఇటుకల్లా వరసగా ఉంటారు, వాడు ఒరిగితే చాలు. వాడికేం కాదులే. వాడి ఒంట్లో ఉన్నంత దూది నేనింతవరకు ఏ కోటులోనూ కుట్టలేదు.

ఏంటా చప్పుడు? నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?

దానికి ఎన్నిసార్లు కొట్టాలో మనం అనుకోలేదు నాన్నా. తలుపు తియ్యి, చూసి తెలుసుకుంటా.