ఆయన సహకారంతో

"చదవొద్దన్నానా."

"నీ ఫోటో వేశారక్కా. ఒక్క పేజీయే."

"నా మొహం నాకు తెలియదా? రోజూ అద్దంలో చూసుకుంటూనే ఉన్నా."

"ఇప్పుడేం చూస్తున్నావు, నల్లద్దాలు పెట్టుకుని?"

కంటి ఆపరేషన్ అయి పది రోజులైంది. ఇరవై తొమ్మిదేళ్లు బస్సుల్లో టికెట్లు కొట్టి రిటైరైన అక్క ముందుగదిలో పడక్కుర్చీలో వెనక్కి వాలి ఉంది. రోజూ మధ్యాహ్నం వచ్చి కళ్లలో చుక్కలు వేసి వెళ్లే చెల్లెలు పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఆమె ఒళ్లో పొద్దున పోస్టులో వచ్చిన మహిళా పత్రిక ఉంది.

"ముందు చుక్కలు వెయ్యి."

"ఇప్పుడేగా వేశాను. పది నిమిషాలు కదలొద్దన్నారు. అందుకే, ఈలోపు చదువుతానంటున్నా."

"బస్సు తలుపు మూసుకున్నాక పళ్లపొడి అమ్మేవాడు నీకంటే నయం. సరే, అట్ట మీద ఏముంది?"

"సీనియర్ మహిళల ప్రత్యేక సంచికట. 'అరవైలో ఇరవై' అని పెద్దక్షరాలతో వేశారు."

"మొత్తం ఎనభై."

"లెక్క కాదక్కా. అరవై ఏళ్లొచ్చినా ఇరవై ఏళ్లప్పటిలా ఉండాలని."

"ఇరవైలో నేనెలా ఉన్నానో వాళ్లకేం తెలుసు? చంకలో పిల్లాడు, ముక్కులో జలుబు. మళ్లీ అలా ఉండమంటారా? బొమ్మ ఎవరిది?"

"ఎవరో ఒకావిడ. జుట్టంతా తెల్లగా ఉంది. నవ్వుతోంది."

"మెడ చూడు."

"మెడా?"

"మొహానికి ఏం పూసినా మెడ అబద్ధమాడదు. ముడతలున్నాయా?"

"ఊఁ... లేవు."

"ముప్పై ఏళ్ల పిల్ల. జుట్టుకి పౌడరు కొట్టి కూర్చోబెట్టారు. అసలు ముసలిదాన్ని అట్ట మీద వేస్తే ఎవరు కొంటారు? మనమే కొనం."

"నేను కొంటాను. నలభై ఏళ్లుగా కొంటున్నాను."

"అందుకే అలా ఉన్నావు."

"ఎలా ఉన్నాను?"

"ఏదో ఒకటి పూసుకుని, ఏదో ఒకటి మానేసి. మొన్నటిదాకా ఉప్పు మానేశావు. అంతకుముందు దిండు మానేశావు. లోపల ఏముందో చెప్పు, వింటాను. సాయంత్రందాకా నవ్వుకోవడానికి పనికొస్తుంది."

"మోకాళ్ల నొప్పులకి వ్యాయామాలున్నాయి."

"ఎదుటి పేజీలో?"

"...మోకాళ్లకి నూనె ప్రకటన."

"ఆ వ్యాయామం చేస్తే ఈ నూనె కొనాల్సొస్తుందన్నమాట. ఇంకా?"

"'కోడలి మనసు గెలవడానికి ఏడు మెట్లు.'"

"మోకాళ్లు నొప్పులని వాళ్లే రాస్తారు, మెట్లెక్కమని వాళ్లే చెబుతారు. మన చిన్నప్పుడు అత్త మనసు గెలవమన్నారు. తీరా అత్తలమయ్యాక కోడలి మనసు గెలవాలట. మన మనసు గెలవమని ఎవరికైనా, ఎప్పుడైనా చెప్పారా?"

"నీ మనసు గెలవడానికి ఏడు మెట్లు చాలవులే."

"ఈ పుస్తకాలు చదివే ఆడవాళ్లని నీకంటే నేనే ఎక్కువ చూశాను. కిటికీ పక్క సీట్లో కూర్చుని తెరిచేవాళ్లు, స్టాపు దాటిపోయేది. దించేసరికి నా మీదే కేకలు. ఒకావిడ, మన వయసుదే, ఆరునెలలపాటు రోజూ ఒకటే సంచిక తెచ్చేది. అట్ట ఊడిపోయింది. ఇంకా అవ్వలేదా అమ్మా అని అడిగాను. ఏమందో తెలుసా?"

"ఏమంది?"

"'చదవడానికి కాదు తల్లీ, తెరిచి పట్టుకుంటే ఎవరూ పలకరించరు' అంది. ఆ పుస్తకాలకి సరైన ఉపయోగం కనిపెట్టింది ఆవిడొక్కతే."

"అయిపోయిందా నీ తిట్ల దండకం? ఇప్పుడు నీ పేజీ చదవనా?"

"చదువు. ఎలాగూ ఊరుకోవుగా."

"శీర్షిక, 'రైట్ రైట్ అమ్మ'."

"అమ్మ ఎవరు? డిపోలో నన్ను కత్తెరక్క అనేవాళ్లు."

"'మృదుభాషి అయిన ఈ మాతృమూర్తిని చూస్తే...'"

"ఇంకెవరి గురించో వేశారు. ఫోటో నాదేనా, సరిగ్గా చూడు."

"నీదే. విను మరి. '...చూస్తే, రద్దీ బస్సులో వందమందిని అదుపు చేసిన మనిషి ఈమేనా అనిపిస్తుంది. ఇరవై తొమ్మిదో ఏట, ఇద్దరు పిల్లల తల్లిగా ఆమె ఉద్యోగంలో చేరారు. ఆ డిపోలో ఆమే తొలి మహిళా కండక్టర్.' ఇక్కడ... ఆఁ. 'కాలక్రమంలో ఎన్నో అవార్డులు...'"

"ఆగు."

"ఏం?"

"మధ్యలో ఏదో మింగావు."

"ఏం మింగలేదు. కళ్లజోడు జారింది."

"టికెట్ కొననివాడు నేను దగ్గరికెళ్లగానే కిటికీలోంచి బయటికి చూస్తాడు. నీ గొంతు ఇప్పుడు కిటికీ వైపు తిరిగింది. మింగింది కక్కు."

"అంత ముఖ్యమైందేం కాదక్కా."

"ముఖ్యం కానిదాన్ని దాచరు. నేను చెప్పింది వేశారా లేదా? మొదటి రోజు సంగతి?"

"వేశారు... వేరేలా వేశారు."

"ఎలా?"

"'భర్త సంపూర్ణ సహకారంతో ఆమె ఉద్యోగ జీవితం మొదలైంది. తొలిరోజు ఆయన బస్టాండు దాకా వచ్చి సాగనంపారు. నాటి నుంచి తెల్లవారకముందే లేచి ఆమెకు అన్నం డబ్బా సర్దిచ్చేవారు.' అంతే."

"ఎవరి భర్త?"

"నీ భర్తే."

"సహకారమా?"

"అక్కా, తల కదపకు. కళ్లు—"

"ఇంత గొంతు పెట్టి చెప్పానే ఆ రిపోర్టరు పిల్లకి. టీ కూడా తాగనివ్వకుండా రాయించానే. మొదటి డ్యూటీ, పొద్దున అయిదింటి బస్సు. రాత్రి ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసుకున్న కొత్త యూనిఫారం. లేచి చూస్తే బట్టల తొట్టిలో, సబ్బునీళ్లలో. పిండుకుని, ఆ తడిబట్టలే కట్టుకుని వెళ్లాను. నీళ్లు కారుతుంటే టికెట్లు వేళ్లకి అంటుకుపోయాయి. జనం నా వైపు చూసి నవ్వారు. ఎవరు చేశారని అడిగితే మీ బావ గోడకానుకుని ఏమన్నాడు?"

"'నేనే నానబెట్టాను' అన్నాడు."

"నువ్వూ విన్నావుగా. అక్కడే ఉన్నావుగా."

"ఉన్నాను."

"సాగనంపాడట. తువ్వాలు పట్టుకుని వీధి చివరిదాకా నా వెనకాల పరిగెత్తుకొచ్చాడు. వెనక్కి తిరిగి చూడలేదు నేను. డబ్బా సర్దేవాడట. తప్పు చేసినవాడు సర్దడా? ఆయన పోయేదాకా ముప్పై నాలుగేళ్లు, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు నేను. అది కదా కథ. అది వేస్తానందనే ఒప్పుకున్నాను. ఆ ఒక్క ముక్కా పీకేసి సహకారం అతికిస్తారా? నా ఫోనేదీ?"

"ఎందుకిప్పుడు? చార్జింగు లేదేమో."

"ఒళ్లో ఉంది. వెచ్చగానే ఉంది. పత్రిక అందిందా అని పొద్దున ఆ పిల్లే చేసింది, రెండుసార్లు నొక్కితే దానికే వెళుతుంది."

"అక్కా, రేపు మాట్లాడదాం. నేనే మాట్లాడతాను."

"నువ్వెందుకు? నోరు నాకుంది."

అక్క రెండుసార్లు నొక్కింది. అవతల రిపోర్టరు పిల్ల గొంతు పలికింది.

"హలో, అమ్మా, చదివారా? మా ఆఫీసులో అందరికీ మీ పేజీయే నచ్చింది."

"నాకు నచ్చలేదు. ఈ సహకారం ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"ఏదమ్మా?"

"నా భర్తది. నేను నీకు చెప్పానా అది? మీరింతే. ఏ ఆడదాని బతుకు విన్నా పంచదార చల్లందే అచ్చెయ్యరు."

"అమ్మా, మేమేం మార్చలేదు. మీరు చెప్పింది చెప్పినట్టే రాశాను. అసలు 'తడిసిన యూనిఫారం' అనే శీర్షిక కూడా పెట్టాను. అచ్చుకి పంపేముందు మీకు చూపిద్దామని వస్తే మీరు ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు. బయట మీ చెల్లెలుగారు కూర్చుని ఉన్నారు."

"ఉంటే?"

"మొత్తం చదివారు. ఆ పేరా కొట్టేసి, పక్కన ఆవిడే వేరేది రాసిచ్చారు. కింద సంతకం కూడా పెట్టారు. మీకు తెలుసనే అన్నారమ్మా. చాలా చక్కగా రాశారు కూడా, మేం అక్షరం మార్చలేదు."

"సరే. పెట్టెయ్."

"అమ్మా, ఆవిడతో ఒకసారి..."

"పెట్టెయ్యమన్నాను."

ఫోన్ ఒళ్లోకి జారింది. అక్క తల చెల్లెలి వైపు తిరిగింది.

"చక్కగా రాశావట."

"పిల్లలు చదువుతారని, అక్కా. మనవరాలు చదువుతుందని."

"మనవరాలు ఈ పుస్తకాన్ని కాలితో కూడా ముట్టదు. ఇంకోటి చెప్పు."

"పోయినాయన మీద అచ్చులో నింద ఎందుకని."

"నింద ఎలా అవుతుంది? ఆయనే ఒప్పుకున్నాడుగా. బతికున్నన్నాళ్లూ ఒక్కసారైనా కాదన్నాడా?"

"అనలేదు."

"మరి నీకేంటి నొప్పి? ఈ పుస్తకాలు చదివీ చదివీ నీకూ పంచదార చల్లడం అలవాటైపోయింది. మగవాడంటే మంచోడు, కాపురమంటే చల్లన. నీ బుర్ర నిండా ఇదే చెత్త."

"అవును. చెత్తే."

"ఏంటీ?"

"చెత్తేనంటున్నాను. నువ్వు తిట్టేవన్నీ నిజమే. నీకంటే నాకే బాగా తెలుసు."

"తెలిసి కొంటున్నావా నలభై ఏళ్లుగా?"

"అలవాటక్కా. అమ్మ పోయి నేను మీ ఇంటికొచ్చాక, పొద్దంతా నీ పిల్లలతో ఒక్కదాన్నే ఉండేదాన్ని. పక్కింటావిడ ఈ పత్రికే చదివేసి ఇచ్చేది. నాతో మాట్లాడేది అదొక్కటే అనిపించేది. అందులో చివర ప్రశ్నలు జవాబుల పేజీ ఉండేది..."

"తెలుసు. పనీపాటా లేనివాళ్లు రాసేది."

"నేనొకటి రాశాను."

"నువ్వా? ఏమని?"

"మా అక్కకి బస్సులో ఉద్యోగమొచ్చింది, మా బావ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు, వాళ్లు విడిపోతారేమోనని భయంగా ఉంది, ఏం చెయ్యమంటారు అని."

"ఆయన ఆ రాత్రి తినకపోవడం కడుపునొప్పికి. నన్నడిగితే చెప్పేదాన్నిగా."

"నిన్నడగలేదు. వాళ్లనడిగాను. మూడు వారాలకి జవాబేశారు. నీ డ్యూటీకి ముందురోజు వచ్చిన సంచికలో."

"ఏమేశారు?"

"నాలుగు వాక్యాలు. 'చెల్లెలిగా నీదే బాధ్యత. నయానో భయానో ఆపు. ఉద్యోగంలో చేరే ఆ ఒక్కరోజు గడిస్తే చాలు. తర్వాత మీ అక్కే నిన్ను మెచ్చుకుంటుంది.' అంతే."

"ఆపావా?"

"చుక్కల సీసాకి మూత పెట్టానో లేదో, ఉండు."

"నిన్నే అడుగుతున్నాను. ఆపావా?"

"తడిపేస్తే ఆ రోజుకి వెళ్లవనుకున్నాను. నువ్వు తడిబట్టలతో వెళతావని నాకేం తెలుసక్కా. ఎవరైనా వెళతారా అలా?"

"ఒసే."

"అద్దాలు తియ్యకు. డాక్టరు—"

"డాక్టర్ని పక్కన పెట్టు. నువ్వు నానబెట్టావా నా యూనిఫారం?"

"నేనే."

"ఆ ముష్టి పుస్తకం చెప్పిందని?"

"ఇరవై రెండేళ్లే నాకు. అచ్చులో ఉంటే నిజమే అయి ఉంటుందనుకున్నాను."

"మరి చెప్పొచ్చుగా. పెళ్లయి వెళ్లాకైనా చెప్పొచ్చుగా. ఆయన మంచానపడ్డప్పుడైనా."

"రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ముప్పై నాలుగేళ్లూ రేపులే. ఆయన పోయాక ఇక చెప్పి ఏం లాభమనుకున్నాను. మొన్న ఆస్పత్రిలో ఆ కాగితం చేతికిచ్చేసరికి... అదే పత్రిక అక్కా. నేను చేసిన పని ఆయన పేరుతో అచ్చులోకి ఎక్కబోతోంది. చెయ్యి ఊరుకోలేదు."

"ఆయనకి తెలియక ఒప్పుకున్నాడా? నిద్రమత్తులో ఏదో అనేశాడా?"

"కాదు. నువ్వు లేవకముందే నన్ను తొట్టి దగ్గర చూశాడు."

"చూసి?"

"నేను ఏడుస్తూ అక్కకి చెప్పేస్తానన్నాను. వద్దన్నాడు."

"ఎందుకు వద్దన్నాడు? సరిగ్గా చెప్పు. ఏమన్నాడో అదే చెప్పు, నీ మాటలు కలపకు."

"'నీకీ ఇల్లు తప్ప వేరే దిక్కు లేదు. నా మీదనుకోనీ, మీ అక్క కోపం నాలుగు రోజుల్లో పోతుందిలే' అన్నాడు."